తొలకరికి ముందే మందు: వంశధార పల్లపు ఊళ్లలో కార్జపు జలగ

అయ్యలారా, అమ్మలారా!

కాశీనగర్, గుణుపురం పక్కన సంక్రాంతి దాటాక గొర్రెకి దవడ కింద నీరు దిగితే, మందు కోసం అప్పుడు పరుగెడతాం. దానికి కారణమైన గడ్డి అది మేసింది సెప్టెంబరులో.

ఈ నీరు కార్జపు జలగ పని. నీళ్లలో కాలికి పట్టే జలగ కాదిది, పశువు కార్జంలో (కాలేయంలో) బతికే ఆకులాంటి చదును పురుగు. జూన్ వానకి పేడలోని దీని గుడ్డు గెడ్డలో (వాగులో) కలుస్తుంది, రెండు వారాల్లో పొదుగుతుంది. బయటికొచ్చిన పిల్ల ఒక్క రోజులో నత్తని పట్టుకోకపోతే చస్తుంది. ఏ నత్తయినా పనికిరాదు. మనం కూరొండుకునే, మూతున్న పెద్ద గుల్ల కాదు. పలచటి పెంకు, మూత లేనిది, మొన పైకి పెట్టి చూస్తే నోరు కుడివైపు ఉండేది. ఎండాకాలమంతా బురదలో ముడుచుకుని, నీరు తగలగానే లేస్తుంది. నెలన్నర, రెండు నెలల్లో దాని లోపల ఒక్క పిల్ల వందలై బయటపడి, వరి దుబ్బులకీ గడ్డి మొదళ్లకీ అంటుకుని పైన పొర కట్టుకుంటాయి. అందుకే పల్లంలో గడ్డిని నీటికి జానెడు పైన కోయండి. పచ్చి మీద కుప్ప వేయకండి, తడి ఉన్నన్నాళ్లూ ఆ పురుగు చావదు.

కడుపులో పడ్డాక కార్జాన్ని తొలుచుకుంటూ ఎదగడానికి మూడు నాలుగు నెలలు. అప్పటిదాకా గుడ్డు పెట్టదు. అక్టోబరులో పేడ పరీక్షలో ఏమీ లేదంటే నమ్మకండి. గుడ్డు బరువు కూడా, ఉప్పునీటిలో తేల్చితే దొరకదు, అడుక్కి దించి చూడాలి. పసుపుగా ఉంటే కార్జపు జలగది, రంగు లేకపోతే పొట్టలో ఉండే వేరే రకానిది, పొట్టజలగది.

మందులోనూ ఇదే మెలిక. ఆక్సీక్లోజనైడ్ ఎదిగిన జలగనే చంపుతుంది. అక్టోబరులో ఉండేవి లేతవి, వాటికి ట్రైక్లాబెండజోల్: గొర్రెకి కిలో బరువుకి 10 మిల్లీగ్రాములు, ఆవుకీ ఎద్దుకీ 12. పాలిచ్చేవాటికి డాక్టరుని అడక్కుండా వద్దు. 25 కిలోల గొర్రెని కంటి అంచనాతో పదిహేననుకుని పోస్తే జలగలు మిగులుతాయి. మూతిని మరీ పైకెత్తి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, గొర్రె జలగతో కాదు, మన చేతిలోనే చస్తుంది.

గొర్రె బతకడానికి అక్టోబరు మందు. గెడ్డ బాగుపడటానికి మాత్రం మే మందు, తొలకరికి గుడ్లు నీటిలో కలవకుండా. అప్పటికి జలగలు ఎదిగినవే కాబట్టి ఆక్సీక్లోజనైడ్, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది ఇళ్లవాళ్లు పోసి ఇరవై ఇళ్లవాళ్లు మానేస్తే దండగ, అందరి పశువులూ దిగేది ఒకే గెడ్డలోకి. మైలుతుత్తం చల్లి నత్తల్ని చంపుదామనుకోకండి, చేపలు ముందు పోతాయి. మే నెలాఖరు దాకా కూడా ఆగొద్దు. జలగ చచ్చినా పైత్యపు తిత్తిలో మిగిలిన గుడ్లు ఇంకొన్నాళ్లు పేడలో వస్తూనే ఉంటాయి.