నాలుగు భాషల పోలీసు, నోరు లేని కుర్రాడు

అందరికీ నమస్కారం. నటుడు తకేషి కనెషిరో గురించి చెప్పడానికి నాకిచ్చిన టైమ్ తక్కువ కాబట్టి నేరుగా ఒక సన్నివేశంలోకి వెళ్లిపోదాం.

హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కార్ వై 1994లో తీసిన ‘చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్’ సినిమా. హాంకాంగ్‌లో ఒక బార్. ప్రేమలో దెబ్బతిన్న కుర్ర పోలీసు, నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడని మాటల్లోకి దింపాలని చూస్తుంటాడు. పైనాపిల్ ఇష్టమా అని అక్కడి భాష కాంటనీస్‌లో అడుగుతాడు. ఉలుకూ పలుకూ లేదు. జపనీస్‌లో అడుగుతాడు, ఇంగ్లీషులో అడుగుతాడు. చివరికి చైనా ప్రధాన భాష మాండరిన్‌లో అడిగితే గానీ ఆవిడ నోరు విప్పదు.

ఆ పోలీసు వేషం వేసింది తకేషి కనెషిరోనే. 1973లో తైపేలో పుట్టాడు. తండ్రి ఒకినావా మూలాలున్న జపనీయుడు, తల్లిది తైవాన్. చదువు కొంత జపనీస్ బడిలో, తర్వాత అమెరికన్ స్కూల్లో. పాస్‌పోర్టు జపాన్‌ది, ఎందుకంటే అప్పటి తైవాన్ చట్టంలో పౌరసత్వం తండ్రిని బట్టే వచ్చేది. మిశ్రమ సంతానం అనగానే మనవాళ్లు ముక్కూ మొహం చూస్తారు. ఇతన్ని మాత్రం చెవులు పెట్టి వినాలి.

1992లో తైవాన్‌లో పాప్ గాయకుడిగా మొదలయ్యాడు. ఆ పాటల గురించి నేను పెద్దగా చెప్పను, సినిమాలే అసలు సంగతి.

1995లో అదే వాంగ్ కార్ వై ‘ఫాలెన్ ఏంజెల్స్’లో ఇతనికి ఏం వేషం ఇచ్చాడో తెలుసా? మాట రాని కుర్రాడి వేషం! చిన్నప్పుడు గడువు దాటిన పైనాపిల్ డబ్బా తిని మాట పడిపోయిందట. ఇన్ని భాషలొచ్చినవాడి నోరు కట్టేయడం కొంటెతనమే. కానీ అతనిలోని నటుడు బయటపడింది అక్కడే అని నా అభిప్రాయం. రాత్రిపూట మూసేసిన షాపులు తెరిచి, దారినపోయేవాళ్లకి బలవంతంగా ఐస్‌క్రీమ్ తినిపిస్తాడు. ఇంట్లో వాళ్ల నాన్నని వదలకుండా వీడియో తీస్తుంటాడు. ఆయన పోయాక ఆ టేపు వేసుకుని ఒక్కడే చూస్తాడు. డైలాగ్ అక్కర్లేదు, కళ్లే చెబుతాయి.

జపాన్‌లో ఇంటింటికీ తెలిసింది 1998లో, ఫుజి టీవీ సీరియల్‌తో. హెచ్ఐవీ సోకిన అమ్మాయి ప్రేమకథ అది. అక్కడ చేసిన సినిమాల్లో ‘రిటర్నర్’ లాంటివి సరదాగా చూడొచ్చు, అంతకుమించి ఏం లేదు.

2008లో జాన్ వూ తీసిన ‘రెడ్ క్లిఫ్’ సినిమాలో జూగే లియాంగ్‌గా వేశాడు. మనకి చాణక్యుడెలాగో చైనావాళ్లకి ఆయన అలాగ. జపాన్ చేసిన పాత గాయాలు ఇంకా మానని దేశంలో, జపాన్ పాస్‌పోర్టు ఉన్నవాడికి ఆ వేషం, ఆయన గుర్తయిన ఈకల విసనకర్ర ఇచ్చారు. అతను గొంతు పెంచకుండా, చిరునవ్వుతోనే ఆ పాత్ర లాక్కొచ్చాడు.

ఈమధ్య చాలా తక్కువగా నటిస్తున్నాడు. అడిగిన ప్రతి సినిమాకీ తలూపే రకం కాదు. ఇక మీ ప్రశ్నలు వింటాను.