ఓవర్‌స్టెప్ అంటే గెట్టు దాటుడే

అందరికి నమస్తే. డల్లాస్ నుంచి వచ్చి వారమైంది. ఇయ్యాల మిర్యాలగూడ దగ్గర మా ఊర్ల, ఇంటి వాకిట్ల కూసొని ఈ వీడియో తీస్తున్న. సాగర్ ఎడమ కాలువ చూపియ్యమని మస్తు మంది అడిగిర్రు, పొద్దున అక్కడికే బయల్దేరిన. చెప్పులు తొడుక్కునేలోపే పక్కింటి పెద్దమ్మ వచ్చింది. సీదా వంటింట్లకు పోయి గిన్నె మూత తీసింది.

"గింత పచ్చిపులుసు ఎవ్వలికి సరిపోతది? గట్ల బక్కగైనవేంది బిడ్డా? జీతం ఎంతొస్తది? రెండో కాన్పు ఎప్పుడు?"

ఆఖరి మాట నాకు నొచ్చింది, దాచిపెట్టను. మిగిలినయి మాత్రం ఎన్నేండ్లకు విన్ననో.

అక్కడ ఆఫీసుల గిట్ల అడిగితే దానికో మాటుంది: ఓవర్‌స్టెప్. పెద్దమ్మకు గెట్టు దాటుడని చెప్పిన. నీ పొలంల నువ్వు దున్నుకో, గెట్టు అవతల నాగలి వెడితేనే పంచాయితి. మా తమ్ముని కొడుకైతే ఇంకా తేలికగ చెప్పిండు: "బౌలర్ ముందు కాలు క్రీజ్ వెనక కొంచెం గూడ లేకపోతే నోబాల్. గదే అత్తా!"

క్రాస్ అంటే ఎవ్వలైనా దేన్నైనా దాటొచ్చు. ఓవర్‌స్టెప్‌ల ఒక మెలిక ఉంది. గీత దాంక నిలవడే హక్కు నీదే, ఆ పైన వేసే అడుగే నీది కాదు. అందుకే కొలువులల్ల ఈ మాట ఎక్కువ. నేను చేరిన కొత్తల మీటింగ్‌ల క్లయింట్ అడిగితే పని అయిపోయే తారీఖు చెప్పేసిన. అది మేనేజర్ చెప్పాల్సింది. సాయంత్రం పిలిచి "యూ ఓవర్‌స్టెప్డ్" అన్నది. గొంతు పెంచలే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. ఇప్పుడు నేనే సలహా చెప్పే ముందు "ఐ డోంట్ వాంట్ టు ఓవర్‌స్టెప్, బట్" అని మొదలువెడ్త.

పోయిన చలికాలం డల్లాస్‌ల జ్వరమొచ్చి నాలుగు రోజులు పడున్న. పక్కింటామె గడప ముంగట సూప్ డబ్బా వెట్టి మెసేజ్ పంపింది, నేను ఓవర్‌స్టెప్ చేస్తలేను గద అని. మంచి మనసు ఆమెది. కానీ తలుపు తీసేసరికి ఎవ్వలు లేరు. ఆ డబ్బా పట్టుకొని అక్కన్నే కూసొని ఏడ్చిన. పెద్దమ్మైతే నా నుదురు మీద చెయ్యి వెట్టి చూడంది కదిలేదే కాదు.

కాలువ రేపు చూపిస్త. లోపల మక్కగారెలకు పిండి రుబ్బుతున్నరు, పెద్దమ్మ పిలుస్తుంది.