థండర్‌బర్డ్ ఒకటే, ప్యాకేజీలు వేరు: లినక్స్‌లో దేన్ని ఎంచుకోవాలి?

అందరికీ నమస్కారం. ఈ రివ్యూలో థండర్‌బర్డ్ కొత్త ఫీచర్ల జోలికి వెళ్ళడం లేదు. ఆ మెయిల్ ప్రోగ్రామ్‌ను వేర్వేరు డిస్ట్రోలు (డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ రకాలు) ఎలా ప్యాకేజీ చేస్తున్నాయో, అంటే ఇన్‌స్టాల్ చేసుకునే రూపంలో ఎలా అందిస్తున్నాయో పరిశీలిద్దాం. ఏళ్ళ తరబడి దాచుకున్న మెయిళ్ళు డిస్కులో ఎక్కడ ఉంటాయో, భద్రతా లోపం బయటపడితే ప్యాచ్ (దాన్ని సరిచేసే కోడ్ సవరణ) ఎవరి చేతుల మీదుగా వస్తుందో నిర్ణయించేది ప్యాకేజీయే.

ముందుగా డెబియన్. స్టేబుల్ విడుదలలో పాత వెర్షన్‌నే ఉంచి, అవసరమైన సవరణలను మాత్రమే దానికి జోడించడం డెబియన్ ఆనవాయితీ. అయితే థండర్‌బర్డ్ వంటి భారీ కోడ్‌కు అలా చేయడం సాధ్యం కాదు కనుక, దీర్ఘకాల మద్దతు ఉన్న ఈఎస్ఆర్ వెర్షన్‌నే భద్రతా అప్‌డేట్‌గా పంపిస్తారు. డెబియన్ 12లో వెర్షన్ సంఖ్య చివర ‘డెబ్12యు1’ అని కనిపిస్తే, అది ఆ విడుదల కోసమే బిల్డ్ చేసిన ప్యాకేజీ అని అర్థం. ఈ పద్ధతికి ఒక మూల్యం ఉంది: 2020లో వెర్షన్ 78 వచ్చినప్పుడు ఎనిగ్‌మెయిల్ (మెయిళ్ళను ఎన్‌క్రిప్ట్ చేసే యాడ్-ఆన్) పనిచేయడం మానేసింది, దాని మీద ఆధారపడినవారు తమ ఎన్‌క్రిప్షన్ కీలను థండర్‌బర్డ్ లోపలే అమర్చిన ఓపెన్‌పీజీపీ సదుపాయంలోకి మార్చుకోవలసి వచ్చింది. అయినా పాచిపోయిన కోడ్‌తో మెయిల్ తెరవడం కంటే ఇదే మేలని నా దృఢమైన అభిప్రాయం.

ప్యాచ్‌లు చేర్చే స్వేచ్ఛ కోసం డెబియన్ గట్టిగానే నిలబడింది. 2006లో ఈ పేరుపై హక్కున్న మొజిల్లాతో ట్రేడ్‌మార్క్ వివాదం తలెత్తడంతో ఈ ప్రోగ్రామ్‌ను ఐస్‌డవ్ అనే పేరుతో అందించి, 2017లో గానీ అసలు పేరుకు తిరిగి రాలేదు. ఓపెన్‌సూసే కూడా కేడీఈ డెస్క్‌టాప్‌తో చక్కగా కలిసిపోయేలా సొంత ప్యాచ్‌లు చేర్చింది. మూలకోడ్ మారిన ప్రతిసారీ ఆ ప్యాచ్‌లను సరిచూసి మళ్ళీ అతికించే నిర్వాహకుల ఓపికను మనం గుర్తించాలి.

ఉబుంటు 24.04లో ఏపీటీతో (మామూలు ఇన్‌స్టాల్ కమాండ్‌తో) థండర్‌బర్డ్ పెట్టినా వచ్చేది స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీయే. అప్పుడు మీ ప్రొఫైల్ (మెయిళ్ళు, సెట్టింగులు ఉండే ఫోల్డర్) హోమ్‌లోని ‘.థండర్‌బర్డ్’ ఫోల్డర్‌లో కాక, ‘స్నాప్’ ఫోల్డర్ లోపల ఉంటుంది; ఫ్లాట్‌పాక్ అనే మరో రకం ప్యాకేజీలో అయితే ‘.వార్’ ఫోల్డర్ కింద ఉంటుంది. పాత ఫోల్డర్‌నే బ్యాకప్ తీస్తూ ఉంటే కొత్త మెయిళ్ళు అందులో చేరవు. ఈ రెండింటిలోనూ అప్‌డేట్లు త్వరగా వస్తాయి, ప్రోగ్రామ్‌ను మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉంచే శాండ్‌బాక్స్ రక్షణ కూడా ఉంటుంది. కానీ బయటి ఫోల్డర్లలోని ఫైళ్ళను అటాచ్ చేసేటప్పుడు అదే శాండ్‌బాక్స్ అడ్డు తగలవచ్చు.

ఆఫీసు పనికి, పాత మెయిళ్ళు ఎక్కువగా ఉన్నవారికి డెబియన్ ప్యాకేజీనే నేను సిఫారసు చేస్తాను. ఒకదాని నుంచి మరొకదానికి మారేవారు మాత్రం ముందుగా వెర్షన్లు పోల్చుకోండి. కొత్త వెర్షన్‌లో తెరిచిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ మామూలుగా తెరవనివ్వదు కాబట్టి, ప్రోగ్రామ్‌ను మూసివేసి, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసుకున్న తరువాతే మారండి.