ఎపిసోడ్ 61: ధ్యాస పెట్టి తినడం (తూకం గొడవతో సహా)

ఉష: నమస్కారం. ఇవాళ్టి విషయం ధ్యాస పెట్టి తినడం. డైట్ కాదు, మెనూ మార్చడం కాదు. రోజూ తినేదే ఎలా తింటున్నామో గమనించుకోవడం. నాలుగు సంగతులు రాసుకొచ్చాను. కిరణ్ ఏం తెచ్చాడో మీకు కనిపించదు కాబట్టి నేనే చెప్తాను: వంటింటి తూకం తెచ్చాడు.

కిరణ్: ఎలక్ట్రానిక్‌ది, ఒక గ్రాము తేడా కూడా చూపిస్తుంది.

ఉష: పాత ఎపిసోడ్‌లో ఆకుపచ్చ చెంచా గొడవ అయ్యాక ఈ బల్ల మీదకి ఇంకే వస్తువూ రాకూడదనుకున్నాం.

కిరణ్: ఆకుపచ్చ చెంచా నిర్దోషి అని శ్రోతలు ఎప్పుడో తీర్పిచ్చేశారక్కా. కానివ్వండి, మొదటిది చెప్పండి.

ఉష: మొదటిది ఆకలి. తినబోయే ముందు ఒకటి నుంచి పది దాకా ఎక్కడున్నామో అడిగి చూసుకోవడం. ఒకటంటే కళ్ళు తిరుగుతున్నాయి, పదంటే లేవలేకపోతున్నాం. మూడు నాలుగు దగ్గర మొదలుపెట్టి ఆరు ఏడు దగ్గర ఆపాలి. ఒకటి దాకా లాగారనుకోండి...

కిరణ్: ఆకలి రుచి ఎరగదు.

ఉష: ఊఁ. ఏం తింటున్నామో తెలిసేలోపే సగం పళ్ళెం ఖాళీ. పళ్ళెం ముందు ధ్యాస నిలవట్లేదని బాధపడేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది, అంతకు ముందు పూట మానేశారా అని. మానేసి కూర్చుంటే ఎవరికీ నిలవదు. ఇక రెండోది తెర. ఫోన్, టీవీ, ల్యాప్‌టాప్, ఏదైనా సరే. 2013లో ఎరిక్ రాబిన్సన్ బృందం 24 ప్రయోగాలు కలిపి చూసింది. వేరే ధ్యాసలో ఉండి తిన్నవాళ్ళు ఆ పూట ఎక్కువ తిన్నారు, తరవాత తిన్నప్పుడు ఇంకా ఎక్కువ తిన్నారు.

కిరణ్: ఆ రెండో సగం ముఖ్యం. తిన్న సంగతి సరిగ్గా గుర్తుండకపోతే తరవాత ఆకలి లెక్క తప్పుతుంది. సూజన్ హిగ్స్ ప్రయోగాల్లో ఇది తిరగేసి చూశారు. మధ్యాహ్నం ఏం తిన్నారో గుర్తు తెచ్చుకోమంటే చాలు, ఆ తరవాత చిరుతిండి తగ్గింది. అందుకని సాయంత్రం డబ్బా మూత తీసే ముందు మధ్యాహ్నం పళ్ళెంలో ఏమేం ఉన్నాయో వరసగా తలుచుకోండి. అర నిమిషం పని.

ఉష: భోజనం మొత్తం తెర లేకుండా కుదరనివాళ్ళు మొదటి ఐదు నిమిషాలైనా పక్కన పెట్టండి. పక్కన అంటే వేరే గదిలో. బోర్లా పెట్టిన ఫోన్ మోగకపోయినా దాని మీదే కన్నుంటుంది. ఇంకోటి, ఏది తిన్నా గిన్నెలో వేసుకుని తినండి.

కిరణ్: మొదటి గిన్నె! అక్క ఎన్నిసార్లు గిన్నె అంటారో లెక్క రాసుకునేవాళ్ళు రాసుకోండి.

ఉష: రాసుకోనీ. ప్యాకెట్‌లో చెయ్యి పెట్టి తింటే ఎంత అయిందో కంటికి ఆనదు, ఆగడానికి చోటుండదు. గిన్నె ఖాళీ అయితే లేవాలి, మళ్ళీ పోసుకోవాలి. ఇంకొంచెం కావాలా వద్దా అన్న ప్రశ్న అక్కడ తనంతట తానే వస్తుంది.

కిరణ్: గిన్నెలో ఎంత పోసుకోవాలి?

ఉష: గుప్పెడు.

కిరణ్: ఎవరి గుప్పెడు? బాదం పలుకులు 28 గ్రాములు తూస్తే సుమారు 23 వస్తాయి, 160 పైచిలుకు క్యాలరీలు. కాస్త పెద్ద గిన్నె తీసుకుని, వెలితిగా ఉందని ఇంకాస్త పోస్తే రెట్టింపు అయిపోతుంది. గిన్నె మిమ్మల్ని ఆపుతుంది, నిజమే. రెట్టింపు దగ్గర ఆపుతుంది.

ఉష: అందుకని తూకమా? అక్కడే నాకు పేచీ. తూకం ముందు కూర్చున్నవాడి ధ్యాస నోటి మీద ఉండదు, అంకె మీద ఉంటుంది. అంకె వచ్చింది కాబట్టి ఆపుతాడు, లేదా అంకె మిగిలింది కాబట్టి తింటాడు. నిండినా తింటాడు! ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నామో దానికి పూర్తిగా ఎదురు.

కిరణ్: కడుపు మాట వినమంటారు. వింటాం. కానీ కడుపు కొన్ని సంగతులు అసలు చెప్పదు. నూనె తీసుకోండి. టేబుల్‌స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు, దాదాపు 14 గ్రాములు, 120 క్యాలరీలు. అదే వంటలో ఒక స్పూన్ పడినా మూడు స్పూన్లు పడినా పళ్ళెం ఒకేలా కనిపిస్తుంది, కడుపు ఒకేలా సాగుతుంది. కడుపు నుంచి మెదడుకి వేగస్ నాడి మోసుకెళ్ళేది సాగిన కబురే, క్యాలరీల కబురు కాదు.

ఉష: కొవ్వు కబురు కూడా వెళ్తుంది. చిన్న పేగులోకి కొవ్వు చేరగానే సీసీకే అనే హార్మోన్ విడుదలవుతుంది, పొట్ట ఖాళీ అవడం నెమ్మదిస్తుంది.

కిరణ్: చిన్న పేగులోకి చేరాక! అప్పటికి పళ్ళెం కడిగేసి ఉంటారు.

ఉష: ఎనిమిది నిమిషాల్లో తింటే కడిగేసి ఉంటారు. నెమ్మదిగా తింటే ఆ కబురు అందుతుంది. అందుకే కదా నెమ్మదిగా తినమనేది.

కిరణ్: అందినా మోతాదుకి తగ్గట్టు అందదు. మూడు స్పూన్లు పడ్డాయి కాబట్టి మూడో వంతు తిని లేద్దాం అని ఏ కడుపూ అనదు. జనం పూట పూటకీ తినే బరువు పెద్దగా మారదు. ఆ బరువులో ఎన్ని క్యాలరీలు ఇరుక్కున్నాయన్నదే మారుతుంది. పోషకాహార పరిశోధకురాలు బార్బరా రోల్స్ ఏళ్ళ తరబడి చెప్తున్నది ఇదే.

ఉష: సరే, నూనె ఒప్పుకుంటా. జీవితాంతం తూచుకుంటూ కూర్చోమంటావా?

కిరణ్: వారం. తూచి తినమనట్లేదు, కంటికి శిక్షణ ఇవ్వమంటున్నా. ముందు మామూలుగా పోసుకోవాలి. తూకం ఎక్కించక ముందే ఇది ఇన్ని గ్రాములని ఊహించి కాగితం మీద రాయాలి. తరవాత తూచి, పక్కన అసలు అంకె వెయ్యాలి. ఎక్కువ వచ్చిందని తీసెయ్యద్దు, పోసుకున్నది పోసుకున్నట్టే తినండి. తీసెయ్యడం మొదలుపెడితే రెండో రోజు నుంచి చెయ్యి దొంగగా పోస్తుంది, అలవాటు బయటపడదు. వారం తరవాత తూకం అటక మీదకి.

ఉష: అన్నీ తూచాలా?

కిరణ్: నాలుగే. నూనె, గింజలు, పొడి ధాన్యం, రొట్టె మీద పూసుకునేవి. వీటిలో కొంచెం తేడా అంటే చాలా తేడా. ఆకుకూరలు తూచేవాళ్ళని చూస్తే నాకూ విసుగే.

ఉష: నూనె ఎలా తూస్తావు? బాణలిలో పోశాక తీసి తూచలేవుగా.

కిరణ్: సీసాని తూస్తాం! సీసా తూకం మీద పెట్టి టేర్ నొక్కండి, సున్నా వస్తుంది. సీసా తీసి పోసుకుని మళ్ళీ పెట్టండి. మైనస్ 22 అని వస్తే పోసింది 22 గ్రాములు. గిన్నె మురికి కాదు, నూనె గిన్నెకి అంటుకుని లెక్క తగ్గదు. తేనె, వెన్న డబ్బాలకీ ఇదే పద్ధతి. ఒక్కటే జాగ్రత్త. కొన్ని తూకాలు కొన్ని నిమిషాలు ముట్టుకోకపోతే ఆగిపోతాయి, సున్నా పోతుంది. అందుకే సీసా బరువు ముందే రాసి పెట్టుకుంటే మంచిది.

ఉష: ఇంకేం తప్పుతుంది? నిజాయితీగా చెప్పు.

కిరణ్: అన్నిటికన్నా పెద్ద తప్పు పచ్చిదీ ఉడికిందీ కలిపెయ్యడం. 100 గ్రాముల బియ్యంలో 350 క్యాలరీలకి అటూ ఇటూ. ఉడికి నీళ్ళు పీల్చుకున్నాక అదే 250 నుంచి 300 గ్రాములు అవుతుంది, అంటే ఉడికిన 100 గ్రాములకి 130 ప్రాంతం. ఉడికినది తూచి క్యాలరీలు లెక్కేసే యాప్‌లో పచ్చిదాని వరస ఎంచుకుంటే లెక్క దాదాపు మూడింతలు. చాలామంది రెండో రోజే యాప్ మీద నమ్మకం పోగొట్టుకునేది ఇక్కడే. రెండోది, చిటికెలు చిటికెలుగా పోయడం. కొన్ని తూకాలు నెమ్మదిగా పెరిగే బరువుని తమ సున్నా జరిగిందనుకుని సర్దేసుకుంటాయి, అంకె కదలదు. గిన్నె ఎత్తి మళ్ళీ పెట్టండి. మూడోది, వేడి గిన్నె. కింద ఉన్న సెన్సర్ వేడెక్కితే అంకె పాకుతూ ఉంటుంది. మెత్తటి గుడ్డ మీద తూకం పెట్టినా అంతే, నాలుగు కాళ్ళూ గట్టి నేల మీద ఉండాలి.

ఉష: నలుగురికీ కలిపి వండిన కూర సంగతి?

కిరణ్: ఖాళీ గిన్నె బరువు ముందే రాసి పెట్టుకోండి. వండాక, చల్లారాక మొత్తం తూచి గిన్నె బరువు తీసెయ్యండి. 1200 గ్రాముల కూరలో మీ వంతు 300 అయితే, మొత్తం పోసిన నూనెలో పావు మీది.

ఉష: ఇది ధ్యాసా, గుమాస్తాగిరా?

కిరణ్: వారం రోజుల గుమాస్తాగిరి. తరవాత చేతికి తెలుస్తుంది.

ఉష: ఇక్కడ ఆగు. ఒక మాట చెప్పాలి. ఈ వారం పని అందరికీ కాదు. ఈటింగ్ డిజార్డర్, అంటే తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బు, ఒకప్పుడు ఉన్నా, ఇప్పుడు ఉన్నా తూకం ముట్టుకోకండి. తూచని తిండి చూస్తే భయం వేస్తున్నా, అంకె తెలియదని నలుగురితో కలిసి తినడం మానేస్తున్నా, లెక్క తప్పిందని మర్నాడు పస్తుంటున్నా, అది శిక్షణ కాదు. డాక్టర్‌తోనో డైటీషియన్‌తోనో మాట్లాడాలి.

కిరణ్: అవును. ఇందులో నాకు వాదన లేదు.

ఉష: అలాగే ఇన్సులిన్ తీసుకుంటూ పిండిపదార్థాల లెక్క చూసుకునేవాళ్ళకి తూచడం వైద్యంలో భాగం. వాళ్ళు నా మాట విని మానెయ్యద్దు. సరే, మూడోది. చిన్న పళ్ళెం వాడండి...

కిరణ్: వద్దక్కా.

ఉష: ఏం?

కిరణ్: పళ్ళెం చిన్నదైతే తక్కువ తింటారన్న మాటకి అంత ఊరేగింపు జరిగింది బ్రయన్ వాన్సింక్ పుణ్యమా అని. కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకుడు. 2018లో జామా వైద్య పత్రికలు ఒక్కరోజే ఆయన పేపర్లు ఆరు వెనక్కి తీసుకున్నాయి. యూనివర్సిటీ విచారణలో పరిశోధనలో అక్రమాలు తేలాయి, మరుసటి ఏడాది ఆయన వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ప్రతి చిట్కాల వీడియోలో చిన్న పళ్ళెం! అంత బలం లేని సలహాని జనం నెత్తిన ఎందుకు రుద్దాలి?

ఉష: అరవకు, మైకు దగ్గరే ఉంది. పళ్ళెం తీసేస్తా. కానీ ముందు పెట్టింది ఎక్కువైతే ఎక్కువ తింటారన్నది నిలబడింది కదా?

కిరణ్: నిలబడింది. అది రోల్స్‌దే, 2002. మాకరోనీ చీజ్ 500 గ్రాములు పెట్టినప్పటికన్నా 1000 గ్రాములు పెట్టినప్పుడు 30 శాతం ఎక్కువ తిన్నారు. పళ్ళెం సైజుతో పని లేదు, వడ్డించిన మోతాదుతోనే పని.

ఉష: అంటే గిన్నెలో తీసుకుని, గిన్నెతోనే ఆగాలి.

కిరణ్: అంటే గిన్నెలో ఎంత పోశారన్నది చూడాలి! మూడోసారి ఇది. లేదా నాలుగా?

ఉష: లెక్కపెట్టేవాళ్ళు చెప్తారులే. వడ్డన పాత్ర మాత్రం ముందు పెట్టుకోకండి, పొయ్యి దగ్గరే ఉంచండి. నాలుగోది త్వరగా చెప్పేస్తా, టైమ్ అయిపోతోంది. సగం తిన్నాక ఒక్క నిమిషం ఆగండి. నిండిందా అని అడగకండి, ఆ నిమిషంలో దానికి జవాబు రాదు. మొదటి ముద్దంత బాగుందా ఈ ముద్ద అని అడగండి. తింటున్న దాని మీద మోజు ముందు తగ్గుతుంది, మిగతావాటి మీద తగ్గదు.

కిరణ్: అందుకే రకాలు పెరిగితే తిండి పెరుగుతుంది. 1981లో శాండ్‌విచ్‌లలో నాలుగు రకాలు లోపల పెట్టి ఇస్తే, ఒకే రకం ఇచ్చినప్పటికన్నా మూడో వంతు ఎక్కువ తిన్నారు. కడుపు నిండా తిన్నాక తీపికి చోటు దొరకడం కూడా ఇదే. మరి ఎండుద్రాక్ష?

ఉష: ధ్యానం నేర్పే జాన్ కబాట్-జిన్ పద్ధతి. ఒక్క ఎండుద్రాక్ష చేతిలో పెట్టుకుని చూసి, వాసన చూసి, నెమ్మదిగా నమలడం. ఒకసారి చేస్తే బాగుంటుంది. పూటపూటా చెయ్యమంటే ఎవరూ చెయ్యరు. మొదటి మూడు ముద్దలకి ఆ శ్రద్ధ చాలు. చెంచాతో తినేవాళ్ళు నోట్లోది మింగేదాకా చెంచా కింద పెట్టండి.

కిరణ్: నమిలేటప్పుడు లెక్కపెట్టకండి, 32 సార్లు అంటూ. మెత్తటిది 32 సార్లు నమలడానికి అక్కడేం ఉండదు. నమలాల్సిన తిండి తీసుకుంటే వేగం దానంతటదే తగ్గుతుంది. 2019లో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, అంటే ఫ్యాక్టరీలో బాగా మార్చి తయారుచేసింది, రెండు వారాలు ప్రాసెస్ చెయ్యని తిండి పెట్టింది. ఎంత కావాలంటే అంత తినొచ్చు. మొదటి రకంలో రోజుకి సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగా కూడా తిన్నారు. వేగం ఒక్కటే కారణమని మాత్రం ఆ ప్రయోగం తేల్చలేదు.

ఉష: తాగేవాటి గురించి ఏమీ అనలేదు మనం.

కిరణ్: తాగేవి మొదలుపెడితే ఇంకో గంట. నా వారం పనిలో మాత్రం ఒక్కటి మళ్ళీ చెప్పాలి. ఊహించిన అంకె తూచే ముందే రాయండి. పెన్సిల్, కాగితం తూకం పక్కనే ఉంచండి.

ఉష: పెన్ను. పెన్సిలైతే తూచాక దిద్దేస్తారు.

కిరణ్: ఎవరు దిద్దుతారక్కా, వాళ్ళ కాగితం వాళ్ళదే.

ఉష: అందరూ దిద్దుతారు. పెన్ను.

కిరణ్: సరే, పెన్ను. ఆ గింజల సంచీ ఇటివ్వండి.

ఉష: గిన్నె తెచ్చుకో.