ట్రైనీ తుమ్మితే ఎవరు రాసుకుంటారు?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవమని నిర్వాహకులు ఒక చీటీ ఇచ్చారు. అది చదివితే నా టైమ్ అక్కడే అయిపోతుంది. చీటీ జేబులో పెట్టుకుంటున్నాను, పెద్దలు మన్నించాలి.

పనిచోట వచ్చే ఆస్తమా గురించి కారణాలు, పరీక్షలు, నివారణ అని వరసగా చెబుదామని రాసుకొచ్చాను. కానీ ఎదురుగా కూర్చున్నవాళ్లంతా పని నేర్పే శిక్షకులు. అందుకని ముందు ఒక అమ్మాయి సంగతి చెప్పేస్తాను.

ఆ అమ్మాయి హెయిర్ డ్రెస్సింగ్ నేర్చుకుంటోంది. బ్లీచ్ పొడి కలిపే పని ఎప్పుడూ తనదే. ప్యాకెట్ గిన్నెలోకి వంచగానే తెల్లటి దుమ్ము లేస్తుంది, తన మొహమేమో సరిగ్గా ఆ గిన్నె మీదే ఉంటుంది. కొన్ని నెలలకు తుమ్ములు మొదలయ్యాయి. తర్వాత అర్ధరాత్రి దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. ఆసుపత్రికి వెళ్తే గొట్టంలోకి ఊదించి, అంతా నార్మల్ అన్నారు. నార్మల్‌గా ఎందుకుండదు? ఆ పిల్ల వెళ్లింది సెలవు రోజున! పనికి వెళ్లనప్పుడు తేలికపడటమే కదండీ ఈ జబ్బు ఇచ్చే ఆనవాలు. కేసు షీట్‌లో వృత్తి అన్నచోట ‘విద్యార్థి’ అని రాసి, జలుబు మందిచ్చి పంపారు. నా దగ్గరికి వచ్చేసరికి సెలవుల్లో కూడా ఆయాసం తగ్గడం లేదు.

ఆ గడిలో ‘విద్యార్థి’ అని కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రోగిని ‘ఏం పని చేస్తావు’ అని అడగండయ్యా అని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే రాశాడు. పిండి ధూళి పీల్చేవాళ్ల దగ్గూ ఆయాసమూ ఆయనకు అప్పుడే తెలుసు. మనకేమో ఇంకా ఆ ఒక్క ప్రశ్న నోట రాదు.

సరే, విషయానికొస్తాను. బేకరీలో పిండి, బ్లీచ్‌లో పర్‌సల్ఫేట్లు, స్ప్రే పెయింట్లలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు, కొన్ని రకాల రంపపు పొట్టు, ల్యాబ్‌లో ఎలుకలు. ఇవి ఒంటికి పడవని మొదటి రోజే తెలియదు. వారాలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. అయితే చాలామందిలో మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడుతుంది, అంటే వాళ్లు మీ చేతుల్లో ఉన్నప్పుడే. పిండి, జంతువుల లాంటి వాటితో తరచుగా ముందు ముక్కు, కళ్లు గోల చేస్తాయి, ఊపిరితిత్తుల వంతు తర్వాత వస్తుంది. ఆ మధ్యకాలమే మనకు దొరికే అవకాశం. ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత చాలా కొద్ది ధూళికే ఆయాసం రావచ్చు. అప్పుడు ‘మాస్క్ ఇచ్చాం కదా’ అంటే సరిపోదు.

ఒకటడుగుతాను, చేతులెత్తండి. మీ దగ్గర సాయంత్రం నేల ఊడ్చేది ఎవరు? నవ్వుతున్నారు కదా! కొత్తగా చేరిన పిల్లలే. అదీ పొడి చీపురుతో, పడిందంతా మళ్లీ గాల్లోకి లేచేలా. సంచులు దులిపేదీ వాళ్లే. అందరికంటే చిన్నవాళ్లకు అందరికంటే దుమ్ము పని ఇవ్వడం ఎక్కడి ఆచారమండీ? వాక్యూమ్ పెట్టండి, లేదా తడిగుడ్డతో తుడిపించండి.

తుమ్ములున్నాయని, ఎలర్జీ ఒళ్లని పిల్లల్ని చేర్చుకోకుండా పంపేయడం మాత్రం వద్దు. అలాంటివాళ్లలో చాలామందికి ఈ ఆస్తమా రానే రాదు, ఏ ఎలర్జీ లేనివాళ్లకూ రావచ్చు. పైగా పంపేస్తారని తెలిస్తే మిగతావాళ్లు దగ్గు దాచుకుంటారు. ఆ అమ్మాయి సెలవు రోజు చూసుకుని ఆసుపత్రికి వెళ్లిందీ ఆ టెన్షన్‌తోనే.

నెలకోసారి ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడగండి: ముక్కు కారుతోందా, రాత్రి దగ్గుతో లేస్తున్నావా, సెలవుల్లో తగ్గుతోందా? ఔనంటే పీక్ ఫ్లో మీటర్, అంటే ఊపిరి ఎంత వేగంగా బయటికి ఊదగలరో కొలిచే చిన్న గొట్టం, చేతికివ్వండి. రోజుకు కనీసం 4 సార్లు, ప్రతిసారీ మూడేసి ఊదులు ఊది, ఎక్కువ వచ్చిన అంకె రాసుకోవాలి. పని రోజులూ సెలవులూ కలిసేలా 2 నుంచి 4 వారాలు రాయాలి. ఆ చార్టుతో, పనిలో వాడే వస్తువుల పేర్లతో డాక్టరు దగ్గరికి పంపండి. నిర్ధారణ డాక్టరు చేస్తాడు, ఇన్‌హేలర్ మీరిప్పించకండి.

మీటర్లు, చార్టులు బయట బల్ల మీద ఉన్నాయి. టీకి వెళ్లేముందు ఒక్కొక్కరూ ఒకసారి ఊది చూడండి, శిక్షకులకూ ఈ జబ్బు వస్తుంది.