నాయనమ్మ దస్తీ అంచు

[చేతిలో పాత తెల్ల దస్తీ, కెమెరాకు దగ్గరగా]

మహారాష్ట్రలోని సిరోంచ నుంచి నమస్తే. పోయిన వీడియో చూసి మళ్లీ అదే అడిగారు: "అక్కా, మా ఇంట్లో పాత దస్తీ ఉంది, అంచు కుట్టు వంకరగా ఉంది. నాసిరకమా?" కాదు తల్లీ! ఆ వంకర కోసమే కదా నేను పెట్టెలన్నీ వెతికేది.

గరిజెలు చేశారు కదా. మన పక్కింటి మరాఠీ వాళ్లు కరంజీ అంటారు. అచ్చులో పెట్టి నొక్కితే అంచు పలచగా, అన్నీ ఒకే తీరు. చేత్తో మడిస్తే బొద్దుగా, ఒక మడత పెద్దది, ఒకటి చిన్నది. దస్తీ కూడా అంతే. మిషన్ కుట్టయితే అంచు చదునుగా ఉంటుంది, దారం గీత గీసినట్టు పోతుంది. ఇదిగో, ఇది చేతికుట్టు, దీన్ని రెండు వేళ్ల మధ్య దొర్లించండి. సన్నటి తాడులా గుండ్రంగా తగులుతుంది. బట్ట కొసను వేళ్లతో చుట్టుకుంటూ, ఆ చుట్టలోంచి సూది పోనిచ్చి, కింద బట్టలో ఒకటి రెండు పోగులు పట్టి లాగుతారు. కుట్టు లోపలే దాక్కుంటుంది, పైకి చుక్కలే.

[మూల దగ్గరగా]

గరిజె పనితనం కొసల దగ్గర తెలుస్తుంది, దస్తీది మూలల దగ్గర. మా నాయనమ్మది మూడు మూలలు పొందిగ్గా ఉన్నాయి, నాలుగోది ఉబ్బింది. అక్కడ దారం కూడా వేరు, తెల్లది అయిపోయి దొరికింది ఎక్కించినట్టుంది. నాకు ఆ నాలుగోదే ఇష్టం. పక్కన ఎర్రదారంతో మరాఠీ లిపిలో 'రా'. ఆమె మాట్లాడింది తెలుగు, బడిలో దిద్దింది మరాఠీ.

అలాగని చేతికుట్టు ఉన్నదల్లా పాతది కాదు. ఖరీదైనవాటికి ఇప్పటికీ చేత్తోనే చుట్టిస్తారు.

తేలియా రుమాల్ గురించి కూడా అడిగారు. అది జేబులో పెట్టుకునేది కాదు, తలకు చుట్టుకునేది, లుంగీగా కట్టుకునేది. చీరాల, పుట్టపాక నేతగాళ్ల పని. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెడతారు, ఆ నూనె వాసన బట్టకు ఉండిపోతుంది. 2020లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఈ సరుకు ఫలానా చోటిదని ఇచ్చే ముద్ర. దానికి వేరే వీడియో చేస్తా, ఇందులో పట్టదు.

అయ్యో, బ్యాటరీ ఎర్రగా అయింది. గబగబా చెప్తా. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి సబ్బు, పిండొద్దు, నీడలో పరచండి. గంజి పెట్టి దాచొద్దు, పురుగు పడుతుంది. అప్పుడప్పుడు మడత మార్చండి, లేకపోతే ఆ గీత మీదే చిరుగుతుంది. ఇస్త్రీ మధ్యలోనే, చుట్టిన అంచు మీద వద్దు. వేశారంటే గరిజె మీద పీట వేసినట్టే. ట్రంకు పెట్టె తుప్పు మరకకు బ్లీచ్ అసలు పొయ్యొద్దు. నేను పోశా. పొద్దున బకెట్‌లోంచి తీస్తే మరక అలాగే ఉంది, దాని చుట్టూ బట్టే పో—

[వీడియో ఆగిపోతుంది]