తలుపులు మూసినచోట పుట్టిన పోటీ

సభకు నమస్కారం.

2023 ఆగస్టులో టీవీ ఛానళ్లు చంద్రుడి మీద పందెం పెట్టాయి, గుర్తుందా? ఒకవైపు రష్యా లూనా-25, ఇంకోవైపు మన చంద్రయాన్-3. ఎవరు ముందు దిగుతారని రోజంతా చర్చలే. మనది జులై 14న శ్రీహరికోటలో లేచి, కక్ష్యలు మార్చుకుంటూ నలభై రోజులు నిదానంగా వెళ్లింది. వాళ్లది ఆగస్టు 11న బయల్దేరి తిన్నగా పోయింది.

ఆ చర్చల్లో పెద్దగా వినపడని సంగతి ఒకటుంది. ఈ ఇద్దరూ ఒకప్పటి భాగస్వాములు. రెండు దేశాల 2007 ఒప్పందం తర్వాత చంద్రయాన్-2కి లాండర్, అంటే చంద్రుడి మీద దిగే నౌక, ఇవ్వాల్సింది రష్యానే. 2011లో వాళ్లు అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్‌కు పంపిన నౌక భూకక్ష్య దాటలేకపోయింది. ఆ దెబ్బకు లాండర్ పని వెనక్కి పోయింది. మనవాళ్లు ఎదురుచూసి చూసి, చివరికి సొంతంగా కట్టుకున్నారు. అదే విక్రమ్. 2019లో మొదటిది కూలిందనుకోండి, అయినా పని చేతికొచ్చింది.

నా లెక్కలో ఇవాళ అంతరిక్షంలో కనిపించే పోటీ చాలావరకు ఇలా వచ్చిందే. అడిగింది దొరక్క, ఇస్తామన్నది అందక మొదలైంది.

అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజనిక్ రాకెట్ ఇంజిన్ సంగతే చూడండి. 1991లో రష్యా సంస్థతో ఇస్రోకు బేరం కుదిరింది. దీంతో క్షిపణులు చేస్తారని అమెరికా 1992లో రెండు సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. సున్నాకు 253 డిగ్రీలు కింద ఉంచాల్సిన ద్రవ హైడ్రోజన్ నింపి, యుద్ధం ఎప్పుడొస్తుందా అని క్షిపణిని సిద్ధంగా పెట్టుకునే సైన్యం ఎక్కడుంటుందో నాకైతే తెలీదు! చివరికి రష్యా ఇంజిన్లు ఇచ్చింది, వాటి పరిజ్ఞానం ఇవ్వలేదు. 2010లో మన సొంత ఇంజిన్‌తో వెళ్లిన రాకెట్ విఫలమైంది. 2014 జనవరి 5న గెలిచాం. చంద్రయాన్-3ను మోసిన రాకెట్ పై అంచెలో మండింది కూడా మన ఇంజినే.

చైనాదీ ఇదే దారి. 2011లో అమెరికా కాంగ్రెస్ తెచ్చిన వుల్ఫ్ సవరణతో, ప్రత్యేక అనుమతి లేకుండా చైనాతో నాసా నేరుగా కలిసి పనిచేయడానికి వీల్లేకుండా పోయింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ చోటు లేదు. చైనా తియాంగాంగ్ అనే సొంత అంతరిక్ష కేంద్రం కట్టుకుంది. 2024లో చంద్రుడి అవతలి వైపు నుంచి దాదాపు రెండు కిలోల మట్టి తెచ్చింది. అంతకుముందు ఏ దేశమూ చేయని పని అది.

ఇక లూనా-25. ఆగస్టు 19న కక్ష్య తగ్గించడానికి 84 సెకన్లు మండి ఆగాల్సిన ఇంజిన్ 127 సెకన్లు మండింది. వేగం మార్పును కొలిచే యాక్సెలరోమీటర్ ఆన్ కాలేదు, కాబట్టి ఇంజిన్‌ను ఎప్పుడు ఆపాలో నౌకకు తెలియలేదు. దాదాపు సగం శతాబ్దం తర్వాత చంద్రుడి మీదికి వెళ్లిన రష్యా నౌక అలా కూలిపోయింది. అది చేసిందని భావిస్తున్న పది మీటర్ల గుంతను ఫొటో తీసింది ఎవరనుకున్నారు? నాసా ఉపగ్రహం.

నాలుగు రోజులకు మనం దిగాం. దక్షిణ ధ్రువం మీద దిగామని చాలామంది అంటారు. నిజానికి అక్కడికి ఇంకా ఆరు వందల కిలోమీటర్లుంది. అసలు రద్దీ ఆ ధ్రువం దగ్గరే. అక్కడున్న షాకిల్‌టన్ బిలం అంచున ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ ఉంటుంది. లోపలి శాశ్వత నీడలో మంచు ఉండొచ్చు. కరెంటు, నీళ్లు రెండూ పక్కపక్కన దొరికే జాగాలు చాలా తక్కువ. అమెరికా, చైనా రెండూ ఆ చుట్టుపక్కలే చూస్తున్నాయి. 1967 అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుడి మీద ఏ దేశమూ ‘ఇది మాది’ అనకూడదు. ముందు దిగినవాడి పక్కన రెండోవాడు ఎంత దూరంలో దిగాలన్నది మాత్రం అందులో లేదు. అమెరికా చొరవతో వచ్చిన ఆర్టెమిస్ ఒప్పందాలు ‘భద్రతా మండలాలు’ అంటున్నాయి, అంటే ఒకరు పనిచేసే చోటు చుట్టూ ఇంకొకరు అడ్డం రాకుండా చూసుకునే జాగా. 2023 జూన్‌లో మనమూ సంతకం పెట్టాం. చైనా, రష్యా వేరే స్థావరం కడతామంటున్నాయి. రేపు గొడవంటూ వస్తే ఈ దూరాల దగ్గరే వస్తుందని నా అనుమానం.

మన ముందున్న మరో పరీక్ష చంద్రయాన్-5. రాకెట్, చంద్రుడి మీద తిరిగే రోవర్ జపాన్‌వి, లాండర్ మనది. అంటే ఈసారి లాండర్ కోసం ఎదురుచూసేది అవతలివాళ్లు. ఇక ప్రశ్నలు అడగండి.